బిల్లు అందేదాకా కొనుగోలు పూర్తి కాదు

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి బీపీ మాత్రలు కావాలి. సంక్షేమ హాస్టలుకు కందిపప్పు, వంటనూనె కావాలి. బడికి గుడ్లు, అంగన్‌వాడీకి పాలు, తహసీల్దారు కార్యాలయానికి కాగితం, మున్సిపాలిటీకి బ్లీచింగ్ పౌడరు, జిల్లా ఆసుపత్రికి ఊడ్చి తుడిచేవాళ్ళు, కాపలావాళ్ళు కావాలి. ఇవి ఈ ఏడు కావాలి, వచ్చే ఏడూ కావాలి. ఎంత కావాలో కూడా దాదాపుగా ముందే తెలుసు. అయినా ఏటా మొదటిసారి కొంటున్నట్టే ఇండెంటు పెడతారు, టెండరు పిలుస్తారు, ధరావత్తు కట్టించుకుంటారు, అందరికన్నా తక్కువ ధర వేసిన ఎల్‌1 ఎవరో తేలుస్తారు, ఒప్పందం రాసుకుంటారు. సరుకు వచ్చాక బిల్లు ట్రెజరీకి వెళుతుంది. అది తిరిగి డబ్బు రూపంలో ఎప్పుడు వస్తుందో సరఫరాదారుకూ తెలియదు, బిల్లు పెట్టిన అధికారికీ తెలియదు.

సాగునీటి ప్రాజెక్టు టెండర్ల మీద శాసనసభలో గంటల తరబడి వాదోపవాదాలు జరుగుతాయి. పత్రికలు మొదటి పేజీ ఇస్తాయి. బీపీ మాత్రల టెండరు గురించి ఎవరూ మాట్లాడరు. కానీ పేదవాడికి ప్రభుత్వం ఎదురుపడేది ఎక్కువగా ఈ చిన్న కొనుగోళ్ళలోనే. మందుల కిటికీ దగ్గర “ఈ మాత్ర లేదు, బయట కొనుక్కో” అన్నప్పుడు, హాస్టల్లో చారు నీళ్ళలా ఉన్నప్పుడు, పారిశుద్ధ్య కార్మికురాలికి మూడు నెలలుగా జీతం రానప్పుడు, వెనక ఎక్కడో ఒక కొనుగోలు దెబ్బతిన్నదని అర్థం.

ఈ పరిస్థితిని మార్చడానికి మూడు దశాబ్దాలుగా ప్రయత్నాలు జరుగుతున్నాయి. కొన్ని గొప్పగా ఫలించాయి, కొన్ని సగంలో ఆగాయి. వాటన్నిటినీ చూశాక నాకు కలిగిన అభిప్రాయాన్ని ముందే చెబుతాను. మన సంస్కరణలు టెండరు ఎలా పిలవాలి, ఎలా తెరవాలి అన్నదాని మీదే దృష్టి పెట్టాయి. తెరిచాక జరిగేదాన్ని, అంటే సరుకును పరీక్షించడం, లెక్క రాసుకోవడం, డబ్బు చెల్లించడం అన్న మూడు పనులను, ఎక్కువ చోట్ల పాత పద్ధతికే వదిలేశాయి. నష్టం ఎక్కువగా అక్కడే జరుగుతోంది.

టెండరు పెట్టె నుంచి జెమ్ దాకా

టెండరు దగ్గర జరిగిన మార్పును తక్కువ చేయనక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003లో ఈ-ప్రొక్యూర్‌మెంట్ వచ్చేవరకు టెండరు వేయడమంటే కార్యాలయానికి వెళ్ళి పెట్టెలో కవరు వేయడమే. రింగు కట్టిన కాంట్రాక్టర్లు కొత్తవాళ్ళకు ఫారాలు దొరకనిచ్చేవారు కాదు. దొరికినా పెట్టె దాకా రానిచ్చేవారు కాదు. ఆన్‌లైన్ టెండరు ఆ దౌర్జన్యాన్ని ఒక్క వేటుతో తీసేసింది. ఎవరు వేశారో చివరిదాకా తెలియకపోవడం వల్ల బెదిరించడానికి మనిషే దొరకలేదు. దేశంలో ఈ దారి ముందుగా పట్టిన రాష్ట్రాల్లో మనది ఒకటి.

కేంద్రంలో డీజీఎస్ అండ్ డీ అనే సంస్థ దశాబ్దాలపాటు రేట్ కాంట్రాక్టులు కుదిర్చిపెట్టింది. ఫలానా కంపెనీ ఫలానా వస్తువును ఫలానా ధరకు ఏ శాఖకైనా అమ్ముతుంది, శాఖ మళ్ళీ టెండరు పిలవనక్కర్లేదు. పదేపదే కొనే సరుకుకు ఇది సరైన ఆలోచనే. లోపం ఎక్కడంటే, ఎంత కొంటామో ప్రభుత్వం మాట ఇవ్వదు. ఎంత అమ్ముడవుతుందో తెలియనివాడు ధర తగ్గించడు. పైగా ఒకే వస్తువుకు అనేక కంపెనీలతో ఒప్పందాలు ఉండేవి కాబట్టి చివరి ఎంపిక శాఖాధికారి చేతిలో పడేది. ఇంకెవరికైనా తక్కువకు అమ్మితే మాకూ తగ్గించాలన్న షరతు ఒప్పందంలో ఉండేది గానీ, ఎవరికి ఎంతకు అమ్మారో వెతికి పట్టుకునే యంత్రాంగం కొనేవారి దగ్గర ఉండేది కాదు. 2017 అక్టోబరు 31న ఆ సంస్థను మూసేశారు.

దాని స్థానంలో వచ్చింది జెమ్, అంటే గవర్నమెంట్ ఈ-మార్కెట్‌ప్లేస్. 2016 ఆగస్టులో మొదలైంది. అక్కడ దొరికే సరుకును కేంద్ర శాఖలు అక్కడే కొనాలని 2017 సాధారణ ఆర్థిక నియమావళి కట్టడి చేసింది. 2023-24లో దాని మీద జరిగిన కొనుగోళ్ళు నాలుగు లక్షల కోట్ల రూపాయలు, 2024-25లో అయిదు లక్షల కోట్లకు పైమాటే. కార్యాలయానికి పరిచయమే లేని చిన్న తయారీదారు కూడా ప్రభుత్వానికి అమ్మగలగడం, ఒకే వస్తువును ఏ శాఖ ఎంతకు కొన్నదో పోల్చి చూడగలగడం దీనివల్ల వచ్చిన నిజమైన మేలు.

అయితే అన్నిటినీ ఒకే అంగడికి తోలడం కూడా ఇబ్బందే. ప్రయోగశాలకు కావలసిన రసాయనం పేరులో ఒకటే అయినా శుద్ధతలో తేడా ఉంటే ఏడాది పరిశోధన పాడవుతుంది. శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి మొత్తుకున్నాక 2025 జూన్‌లో కేంద్రం పరిశోధన సంస్థలకు జెమ్ నుంచి మినహాయింపు ఇచ్చి, కొటేషన్లు లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి రెండు లక్షలకు పెంచింది. కుర్చీ కొనే పద్ధతిలో రసాయనం కొనకూడదన్న చిన్న సంగతిని ఒప్పుకోవడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో రివర్స్ టెండరింగ్ వచ్చింది, 2024లో పోయింది. దాని మీద జరిగిన రాజకీయ చర్చ అందరికీ తెలిసిందే కాబట్టి దానిలోకి వెళ్ళను. ఒక్క మాట: తక్కువ ధరకు పాట పాడించడం ఆరంభంలో ఆదా చూపిస్తుంది, ఆ ధరకు ఏ నాణ్యత వచ్చింది, ఎన్నాళ్ళు మన్నింది అన్నది ఆ లెక్కలో కనబడదు.

కలిసి కొంటే ఎంత తగ్గుతుందో చూపించిన ఉదాహరణ ఎల్‌ఈడీ బల్బు. ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్‌ఎల్ 2014 మొదట్లో బల్బును 310 రూపాయలకు కొన్నది. కోట్ల సంఖ్యలో ఒకేసారి కొంటామని పదేపదే టెండర్లు పిలిచేసరికి మూడేళ్ళలో అది 38 రూపాయలకు దిగింది. ప్రపంచ విపణిలో కూడా అప్పుడు ధరలు పడుతున్న మాట నిజమే. కానీ మన దేశంలో అంత వేగంగా పడడానికి ముందే మాట ఇచ్చిన పరిమాణం ఒక ముఖ్య కారణం. డీజీఎస్ అండ్ డీ రేట్ కాంట్రాక్టులో లేనిదీ, ఇక్కడ ఉన్నదీ అదే. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖపట్నంలో తొంభై వేలకు పైగా వీధిదీపాలను మార్చినదీ ఈ సంస్థే. తర్వాతి కాలంలో దాన్ని ఇబ్బంది పెట్టింది బల్బు ధర కాదు, స్థానిక సంస్థల నుంచి రావలసిన బకాయిలు. ఈ బకాయిల మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

మందులు: తమిళనాడు చేసిన పని

పదేపదే కొనే సరుకుకు దేశంలో అన్నిటికన్నా మంచి నమూనా ఏదంటే నేను తడుముకోకుండా తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పేరు చెబుతాను. 1994లో నమోదై 1995 జనవరిలో పని మొదలుపెట్టింది. చాలామంది దాన్ని “కేంద్రీకృత కొనుగోలు” అని ఒక్క మాటలో చెప్పేస్తారు. అది అసలు విషయాన్ని మరుగుపరుస్తుంది. ఒకేచోట కొనడం దానిలో ఒక భాగం మాత్రమే.

ముందుగా అది మందుల జాబితాను కుదించింది. వైద్యుడు రాయగల వేలాది బ్రాండ్లను పక్కన పెట్టి, అత్యవసర మందులను జనరిక్ పేర్లతో నిర్ణయించింది. తయారీదారుల దగ్గర నేరుగా కొంటుంది, మధ్యవర్తులకు చోటు లేదు. సరుకు ఆసుపత్రికి కాకుండా జిల్లా గోదాముకు వస్తుంది. వచ్చిన బ్యాచ్ నుంచి నమూనా తీసి, తయారీదారు పేరు కనబడకుండా సంకేతం వేసి, ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ పాసయ్యాకే ఆసుపత్రులకు పంపిణీ. మాత్రల పట్టీ మీదే ప్రభుత్వ ముద్ర, అమ్మకానికి కాదన్న మాట ఉంటాయి కాబట్టి దారిలో మళ్ళించి బయట అమ్ముకోవడం కష్టం.

నాకు అన్నిటికన్నా నచ్చింది పాస్‌బుక్. ప్రతి ఆసుపత్రికీ ఏడాదికి ఇంత విలువైన మందులని కేటాయింపు ఉంటుంది. గోదాము నుంచి ఏ మందు తీసుకున్నా ఆ పుస్తకంలో విలువ తగ్గుతుంది. అంటే ఏ మందు ఎంత కావాలో రాజధానిలో ఎవరో ఊహించి పంపరు. వైద్యుడు తన ఊరి జబ్బులను బట్టి తీసుకుంటాడు. వర్షాకాలంలో జ్వరాలు ఎక్కువైతే ఆ మందు ఎక్కువ తీసుకుంటాడు, వాడని దగ్గుమందు గోదాములోనే ఉండిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకాలే వచ్చే ఏటి ఇండెంటుకు ఆధారం. ధర కుదర్చడం పైన, ఎంపిక కింద. ఈ విభజనలోనే దాని బలమంతా ఉంది.

ఇక సరఫరాదారు వైపు చూడండి. ఆలస్యమైతే జరిమానా, నమూనా పదేపదే తప్పితే బ్లాక్‌లిస్ట్. ఇంత కఠినంగా ఉన్నా కంపెనీలు పోటీ పడి వస్తాయి. ఎందుకంటే సరుకు బాగుంటే డబ్బు వస్తుందన్న నమ్మకం ఉంది. ఈ నమ్మకాన్ని చాలా రాష్ట్రాలు కాపీ చేయలేకపోయాయి. 2011 అక్టోబరు 2న ఉచిత మందుల పథకం మొదలుపెట్టిన రాజస్థాన్, ఆ పనికే విడిగా కార్పొరేషన్ పెట్టి, గోదాములు, కంప్యూటర్ లెక్క, నాణ్యత పరీక్ష అన్నీ కలిపి తెచ్చుకోబట్టి చాలావరకు నెగ్గింది. మహారాష్ట్ర అలా చేయలేదు. 2017లో మందుల కొనుగోలును హాఫ్‌కిన్ సంస్థకు అప్పగించింది. టీకాల తయారీకి పేరుపడ్డ సంస్థ అది. కొనుగోళ్ళకు కావలసిన మనుషులు, గోదాములు, పద్ధతులు దానికి లేవు. ఏటా జాప్యాలు, ఆసుపత్రుల్లో కొరత. చివరికి 2023లో ఆ బాధ్యత తీసేసి కొత్త ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది.

తెలుగు రాష్ట్రాల్లో మందుల కొనుగోలు వైద్య సేవలు, మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థల చేతిలో ఉంది. నిధుల్లో ఎనభై శాతం కేంద్రీకృతంగా, ఇరవై శాతం ఆసుపత్రి స్థాయిలో అత్యవసర కొనుగోలుకు అన్నది ఇక్కడి పద్ధతి. పద్ధతిగా చూస్తే తప్పేమీ లేదు. కానీ ఆ సంస్థ పేరే చెబుతోంది చూడండి: ఆసుపత్రి భవనాలూ అదే కట్టాలి, యంత్రాలూ అదే కొనాలి, మందులూ అదే తేవాలి. కట్టడం ఒకసారి చేసే పని. మందు రోజూ నడవాల్సిన పని. వందల కోట్ల భవనం దస్త్రం బల్ల మీద ఉన్నప్పుడు మెట్‌ఫార్మిన్ ఇండెంటుకు ఎవరు ప్రాధాన్యం ఇస్తారు? రెండు రాష్ట్రాలూ మందులకు విడిగా ఒక సంస్థను పెట్టుకోవాలి. దానికి కొత్త నమూనా వెతకనక్కర్లేదు, చెన్నై దూరమేమీ కాదు.

మనిషి పనిని కొనడం

సరుకు కొనడం కన్నా సేవ కొనడం కష్టం. పైగా ఇప్పుడు అదే పెరుగుతోంది. 2023-24లో జెమ్ కొనుగోళ్ళలో దాదాపు సగం సేవలే. వాటిలో పెద్ద భాగం ఔట్‌సోర్సింగ్ మనుషులది: పారిశుద్ధ్యం, కాపలా, డేటా ఎంట్రీ, డ్రైవింగ్.

ఈ టెండరు ఎలా ఉంటుందో తెలిస్తే ఇందులోని అన్యాయం అర్థమవుతుంది. కార్మికుడి కనీస వేతనం చట్టం నిర్ణయిస్తుంది. పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాలు చట్టం నిర్ణయిస్తుంది. జీఎస్టీ చట్టం నిర్ణయిస్తుంది. ఏజెన్సీ పోటీ పడగలిగేది తన సర్వీసు చార్జీ ఒక్కదాని మీదే. తక్కువకు వేసినవాడికే పని అన్న సూత్రం ఇక్కడ పెడితే ఏమవుతుంది? ఏజెన్సీలు సున్నా వేశాయి. సున్నా చార్జీ వేస్తే ఆ టెండరు చెల్లదని కేంద్రం 2014లో చెప్పింది. అప్పుడు పైసల్లో వేశాయి. తర్వాత జెమ్ మీద 3.85 శాతం కనీస చార్జీ అమల్లోకి వచ్చింది. ఇప్పుడు అందరూ సరిగ్గా అంతే వేస్తున్నారు. ధరలన్నీ సమానం కాబట్టి విజేతను కంప్యూటర్ లాటరీ తీసి తేలుస్తోంది. వందలాది కుటుంబాల జీతం ఎవరి చేతుల మీదుగా రావాలో లాటరీ నిర్ణయించే పద్ధతిని కొనుగోలు అనలేం.

అసలు ప్రశ్న అదీ కాదు. సున్నా చార్జీకి పని చేస్తానన్నవాడికి లాభం ఎక్కడి నుంచి వస్తుంది? కార్మికుడి నుంచి వస్తుంది. పీఎఫ్ కట్టకపోవడం, జీతం ఆలస్యం చేయడం, ఉద్యోగం ఇప్పించినందుకు ముందే సొమ్ము గుంజడం, బ్యాంకులో పడ్డ జీతంలో కొంత వెనక్కి ఇమ్మనడం: ఈ ఫిర్యాదులు రాష్ట్రంతో, శాఖతో సంబంధం లేకుండా ఎక్కడ చూసినా వినిపిస్తాయి. ఎల్‌1 ధర తక్కువగా కనబడడానికి కారణం మిగతా ఖర్చును కార్మికుడి కుటుంబం మోస్తూ ఉండడమే.

ఆంధ్రప్రదేశ్ 2020లో ఆప్కాస్ అనే సొంత కార్పొరేషన్ పెట్టి ఏజెన్సీలను తప్పించింది. జీతం నేరుగా ఖాతాలో వేయడం, కోతలు లేకుండా పీఎఫ్, ఈఎస్‌ఐ జమ చేయడం ఉద్దేశం. దళారీ కమీషన్‌ను తీసేయాలన్న ఆ నిర్ణయం సరైనదని నేను నమ్ముతాను. కానీ అది సమస్యలో ఒక సగానికే జవాబు. ప్రభుత్వం ఇంకా తలలనే లెక్కపెడుతోంది. ఆసుపత్రి వార్డు శుభ్రంగా ఉందా అన్నది ఎవరూ కొలవడం లేదు. ఎంతమంది హాజరు వేశారన్నదే కొలుస్తున్నారు. ఫినాయిల్‌లో నీళ్ళు ఎన్ని కలిసినా హాజరు పట్టీలో తేడా రాదు.

2021 అక్టోబరులో కేంద్ర ఆర్థిక శాఖ, కన్సల్టెన్సీలకే పరిమితమైన నాణ్యత-ధర సమ్మేళన పద్ధతిని ఇతర సేవలకూ అనుమతించింది. నాణ్యతకు గరిష్ఠంగా 30 శాతం బరువు ఇవ్వవచ్చు. మంచి అడుగే. కానీ నాణ్యత మార్కులంటే ఏజెన్సీ టర్నోవరు ఎంత, ఎన్నేళ్ళ అనుభవం అని కాగితాలు తూచడంగా మారిపోతే పెద్ద ఏజెన్సీలకు దారి వెడల్పవుతుంది, వార్డు మాత్రం అలాగే ఉంటుంది. నా మాట ఏమిటంటే, జీతాన్ని పోటీలోంచి పూర్తిగా తీసేయాలి, దాన్ని ప్రభుత్వమే నేరుగా చెల్లించాలి. పోటీ పర్యవేక్షణ మీద, యంత్రాల మీద, శుభ్రత సామగ్రి మీద పెట్టాలి. పని బాగాలేదని కోత వేస్తే అది ఏజెన్సీ చార్జీలోంచే పోవాలి, కార్మికురాలి కూలిలోంచి కాదు.

గుడ్డు చెప్పే పాఠం

బడి గుడ్ల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, పదేపదే కొనే సరుకుకు ధర ఎలా రాయాలో అది నేర్పుతుంది. గుడ్డు ధర ఎండాకాలంలో పడుతుంది, చలికాలంలో పెరుగుతుంది. ఈ సంగతి గుడ్ల సమన్వయ సంఘం నెక్ రోజూ ప్రకటించే రేట్లు చూసే ప్రతి కోళ్ళ రైతుకూ తెలుసు. అలాంటి సరుకుకు ఏడాదంతా ఒకే ధర అని ఒప్పందం రాస్తే, వేసవిలో ప్రభుత్వం ఎక్కువిస్తుంది. డిసెంబరులో సరఫరాదారు చిన్న గుడ్లు, పాత గుడ్లు పంపుతాడు, లేకపోతే మానేస్తాడు. నిల్వ గుడ్లు రాకుండా ఆంధ్రప్రదేశ్‌లో గుడ్ల మీద రంగు ముద్రలు వేయించే పద్ధతి తెచ్చారు. తెలివైన ఏర్పాటే. అయినా ముద్ర నిఘా మాత్రమే. ఒప్పందంలో ధరను మార్కెట్ సూచీకి కట్టి, రవాణా, లాభం ఇంత అని విడిగా రాస్తే నిఘా అవసరం సగం తగ్గుతుంది.

తెలంగాణలో వంట చేసే మహిళల ఏజెన్సీలే గుడ్లు కొని పెట్టి, తర్వాత ప్రభుత్వం నుంచి తీసుకునే పద్ధతి నడిచింది. ప్రభుత్వం ఇచ్చే ధరకూ అంగడి ధరకూ తేడా వచ్చినప్పుడల్లా ఆ తేడా వాళ్ళ మీదే పడింది. బిల్లు నెలల తరబడి ఆగినప్పుడు కిరాణా కొట్లో అప్పు వాళ్ళ పేరు మీదే పెరిగింది. ప్రభుత్వానికి వడ్డీలేని అప్పు ఇస్తున్నది బడిలో వంట చేసే పేద ఆడవాళ్ళన్నమాట. పిల్లల పళ్ళెంలో గుడ్డు అప్పుడప్పుడు మాయమైతే వాళ్ళను తప్పు పట్టే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఆలస్యమే అసలు ధర

చిన్న సంస్థకు 45 రోజుల్లోపు చెల్లించాలని, లేదంటే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ ఇవ్వాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతోంది. జెమ్ నిబంధనల్లో సరుకు అందాక పది రోజుల్లో అంగీకార పత్రం, ఆ తర్వాత పది రోజుల్లో చెల్లింపు అని ఉంది. చట్టాలకు కొదవ లేదు. వాటికి కోరలు లేవు. 2023లో ఆదాయపు పన్ను చట్టాన్ని సవరించి, చిన్న సంస్థకు గడువులో చెల్లించని కొనుగోలుదారు ఆ ఖర్చును ఆ ఏడాది లెక్కలో చూపుకోకూడదన్నారు. ప్రైవేటు కంపెనీలు దానికి భయపడ్డాయి. ఆదాయపు పన్నే కట్టని ప్రభుత్వ శాఖకు ఆ నిబంధన తగలదు. జెమ్ మీద ఆలస్యమైతే నెలకు ఒక శాతం వడ్డీ వసూలు చేయాలని కేంద్రం 2020లో చెప్పింది. ఆ వడ్డీ నష్టపోయిన అమ్మకందారుకు కాదు, జెమ్ ఖాతాకు వెళుతుంది.

ఆలస్యం చేసే చెరుపు వడ్డీతో ఆగదు. పన్నెండు శాతం వడ్డీకి తెచ్చి సరుకు ఇచ్చేవాడికి డబ్బు ఏడాదికి వస్తుందనుకుంటే, ఆ పన్నెండు శాతాన్ని ముందే ధరలో కలుపుకుంటాడు. అది ఎల్‌1 పట్టికలో ఎక్కడా కనబడదు, ఎందుకంటే అందరూ కలుపుకుంటారు. అంతకన్నా పెద్ద నష్టం, అమ్మేవాళ్ళు ఎవరన్నది మారిపోవడం. నిజాయతీగా వ్యాపారం చేసుకునే చిన్నవాడు ఒకటి రెండు సార్లు దెబ్బ తిని ఈ వైపు చూడడం మానేస్తాడు. బిల్లు విడుదల చేయించుకోగల పలుకుబడి ఉన్నవాడు మిగులుతాడు. అవినీతి టెండరు పెట్టె దగ్గర నుంచి తొలగి బిల్లు కదిలే బల్ల దగ్గర చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018లో సీఎఫ్‌ఎంఎస్ అనే ఆర్థిక నిర్వహణ వ్యవస్థ వచ్చాక చెల్లింపులన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కాయి. బిల్లు ఎక్కడుందో తెలుస్తోంది. ఎప్పుడు వస్తుందో, ఎవరిది ఎందుకు ముందు వెళ్ళిందో తెలియడం లేదు. ఉపాధి హామీ బిల్లుల కోసం జనం హైకోర్టు దాకా వెళ్ళిన రాష్ట్రం మనది.

ఇది నా ఊహ మాత్రమే కాదు. కొనుగోళ్ళ మీద ప్రపంచంలో జరిగిన మంచి పరిశోధనలు ఇదే దిక్కు చూపిస్తున్నాయి. ఇటలీలో ప్రభుత్వ సంస్థలు ఒకే రకం సరుకుకు చెల్లించిన ధరలను పోల్చి ఒరియానా బాండియేరా, ఆండ్రియా ప్రాట్, తొమ్మాసో వాల్లెట్టి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. వృథాలో 83 శాతానికి కారణం లంచం కాదు, చేతకానితనమూ నిబంధనల బరువూ అని వాళ్ళు తేల్చారు. పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో కొనుగోలు అధికారుల మీద జరిగిన ప్రయోగం ఇంకా ఆసక్తికరం. కొందరికి బాగా కొంటే బహుమతి అన్నారు. కొందరికి స్వేచ్ఛ ఇచ్చారు: చేతిలో ఉంచుకునే చిల్లర నిధిని పెంచారు, బిల్లుకు జతచేయాల్సిన కాగితాల జాబితాను కుదించారు. స్వేచ్ఛ పొందినవాళ్ళు కొన్న సరుకు ధర దాదాపు తొమ్మిది శాతం తగ్గింది, నాణ్యత తగ్గలేదు. ఆడిట్ కార్యాలయం బిల్లులను ఎక్కువగా తొక్కిపెట్టే చోట ఈ లాభం ఎక్కువ. అంటే నిఘా పేరుతో పెట్టిన కట్టడే ధర పెంచుతోంది. గోదావరి జిల్లాల్లోనో పాలమూరులోనో ఏ ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగినా ఇదే చెబుతాడు. నగదు చేతిలో ఉంటే సుద్దముక్కల పెట్టె ఎంతకు వస్తుందో, బిల్లు మీద ఎంతకు వస్తుందో ఆయనకు తెలుసు.

అధికారి భయాన్ని కూడా అర్థం చేసుకోవాలి. అవినీతి నిరోధక చట్టంలో, లంచం తీసుకోకపోయినా ప్రజాహితం లేని నిర్ణయంతో ఎవరికైనా లాభం కలిగితే నేరమన్న క్లాజు 2018 సవరణ దాకా ఉండేది. అది పోయింది గానీ, ఎల్‌1ను కాదంటే ఆడిట్ అభ్యంతరం తప్పదన్న భయం అలాగే ఉంది. నాసిరకం సరుకు కొన్న అధికారిని ఎవరూ అడగరు. మంచి సరుకుకు రూపాయి ఎక్కువ పెట్టిన అధికారి జవాబు చెప్పుకోవాలి.

ఇక చట్టం. కేంద్రంలో పబ్లిక్ ప్రొక్యూర్‌మెంట్ బిల్లును 2012లో లోక్‌సభలో పెట్టారు. 2014లో సభతో పాటు అదీ రద్దయింది. తమిళనాడు 1998లో, కర్ణాటక 1999లో, రాజస్థాన్ 2012లో సొంత చట్టాలు చేసుకున్నాయి. తెలుగు రాష్ట్రాల్లో సరుకులు, సేవల కొనుగోళ్ళు ప్రధానంగా జీవోల మీద, ఆర్థిక నియమావళి మీద నడుస్తున్నాయి. జీవోను ప్రభుత్వం మారగానే మార్చవచ్చు. బహుళ సంవత్సరాల ఒప్పందం కుదుర్చుకోవాలన్నా, సరఫరాదారు దాన్ని నమ్మాలన్నా చట్టం ఉండాలి.

ఆ చట్టం ఏటా కావలసిన సరుకుకు మూడేళ్ళ ఒప్పందాన్ని సాధారణ నియమం చేయాలి. కనీస పరిమాణానికి ప్రభుత్వం మాట ఇవ్వాలి. ధరను సూచీకి కట్టాలి. ఒక్కడికే కాక ఇద్దరు ముగ్గురికి పని పంచాలి. దీర్ఘకాల ఒప్పందాలు పాతవాళ్ళ సొత్తుగా మారతాయన్న అనుమానం న్యాయమైనదే. అందుకే 2025 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చిన బ్రిటన్ కొత్త కొనుగోళ్ళ చట్టం, ఒప్పందం మధ్యలోనూ కొత్తవారు చేరే వీలు కల్పించింది. దాన్ని మనమూ తీసుకోవచ్చు. ఒక స్థాయి దాటని కొనుగోళ్ళను బడికి, ఆరోగ్య కేంద్రానికి వదిలేసి, ప్రతి ధరనూ ఊరందరికీ కనబడేట్టు పెట్టాలి. ఇవన్నీ చేసినా చెల్లింపు గడువు తప్పితే ఏదీ నిలవదు. అందుకని గడువు దాటిన రోజు నుంచి వడ్డీ దానంతటదే సరఫరాదారు ఖాతాలో పడాలి, ఆ మొత్తం శాఖ బడ్జెట్‌లో విడి పద్దుగా కనబడాలి. అప్పుడు దాన్ని శాసనసభ్యుడు ప్రశ్నించగలడు.

చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది. ప్రతి కొనుగోలుకూ సరుకు అందిన తేదీ, బిల్లు పెట్టిన తేదీ, డబ్బు చెల్లించిన తేదీ ప్రకటించడానికి ఏ సభ అనుమతీ అక్కర్లేదు, ఆ సమాచారం ఇప్పటికే ప్రభుత్వ కంప్యూటర్లలో ఉంది. మీ ఊరి ఆరోగ్య కేంద్రం గురించో, బడి గురించో సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. టెండరు ఎవరికి వచ్చిందని కాదు, ఆ మూడు తేదీలు ఏమిటని అడగండి. మీ శాసనసభ్యుడినీ అవే అడగమనండి.